కారు వెనకాల పరిగెత్తిన పిల్లవాడు

అందరికీ నమస్కారం.

బడికి వెళ్లే వయసు ఇంకా రాని పిల్లలకు పుట్టినరోజున ఏం ఇవ్వాలో చెప్పమని నన్ను పిలిచారు. ఈ విషయంలో నాకున్న అర్హతల్లా నేను చేసిన పొరపాట్లే. ముందుగా అందులో ఒకటి చెప్పేస్తాను. మా చెల్లెలి కొడుక్కి మూడేళ్లు నిండిన రోజు రిమోట్ కారు తీసుకెళ్లాను. పెద్దది, లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది. డబ్బా విప్పడమే ఆలస్యం, రిమోట్ వాళ్ల నాన్న చేతిలోకి వెళ్లింది. ఆయన దగ్గర్నుంచి నేను లాక్కున్నాను. పిల్లవాడు మాత్రం "నాకూ, నాకూ" అంటూ కారు వెనకాల పరిగెడుతున్నాడు. వాడి చేతికిస్తేనేమో ఏ మీట ఎప్పుడు వదలాలో తెలియక నేరుగా గోడకు కొట్టేవాడు. కొన్నాళ్లకు బ్యాటరీలు అయిపోయాయి. మళ్లీ వేసే ఓపిక ఎవరికీ లేకపోయింది. అప్పుడు వాడు కారుకి తాడు కట్టి, పైన బొమ్మల్ని ఎక్కించి, ఇల్లంతా లాక్కుంటూ తిరిగాడు. నేనిచ్చిన కారు నిజంగా వాడిదైంది అప్పుడే.

ఆ తర్వాత ఏది కొనబోయినా ఒక్కటే చూసుకుంటున్నాను: ఇందులో పిల్లలు చేయడానికి పనేమైనా మిగిలి ఉందా? మీట నొక్కగానే పాడి, ఆడి, గిరగిరా తిరిగే బొమ్మ ముందు పిల్లలు ప్రేక్షకులైపోతారు. మొదటి రోజు చప్పట్లు కొడతారు, మూడో రోజుకి మరిచిపోతారు.

ఇది కొత్త సంగతేమీ కాదు. కిండర్‌గార్టెన్ అనే పేరు పెట్టిన జర్మన్ ఉపాధ్యాయుడు ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం తన పని మొదలుపెట్టాడు. వాళ్ల చేతికిచ్చే ఆటవస్తువులకు ఆయన పెట్టిన పేరేమిటో తెలుసా? కానుకలు! మొదటి కానుక రంగురంగుల ఊలు బంతులు. మూడోది ఒక చెక్క ఘనం. దాన్ని విడదీస్తే ఎనిమిది చిన్న ఘనాలవుతాయి. అంతే, ఇంకేమీ లేదు. ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే అమెరికన్ ఆర్కిటెక్ట్ చిన్నప్పుడు వీటితోనే ఆడుకున్నాడు, పెద్దయ్యాక కూడా ఆ సంగతి చెప్పుకునేవాడు. బ్లాక్స్ ఇస్తే మీ పిల్లలందరూ ఆర్కిటెక్టులైపోతారని నేననడం లేదు లెండి.

కానీ చెక్క బ్లాక్స్‌కి ఓట్లేయమంటే మాత్రం నా రెండు చేతులూ లేస్తాయి. మూడేళ్ల పిల్ల వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి కూలదోస్తుంది. ఆ కూలదోయడం కోసమే పేరుస్తుంది. నాలుగేళ్లకి రెండు నిలబెట్టి పైన ఒకటి అడ్డంగా పెట్టి "వంతెన" అంటుంది. ఐదేళ్లకి ఆ వంతెన కింద ఎవరుంటారో, వాళ్లెందుకు పోట్లాడుకున్నారో చెబుతుంది. వస్తువు అదే, పిల్ల మారింది. ఒక్క జాగ్రత్త: పది ముక్కల సెట్ కొనకండి. నాలుగు పేర్చేసరికి అయిపోతాయి, ఆట మధ్యలోనే ఆగిపోతుంది.

డాక్టర్ సెట్టు, వంటసామాను, బంకమట్టి, లావుపాటి క్రేయాన్లు కూడా ఈ కోవలోవే. అబ్బాయికి వంటసామాను ఇవ్వచ్చా అని అడుగుతుంటారు. వాడికి ఆకలి వేయదా ఏమిటి? బొమ్మల పుస్తకం ఇస్తే, మీరే పక్కన కూర్చోబెట్టుకుని ఓసారి చదివి మరీ రండి.

ఎక్కువ ఇస్తే ఎక్కువ ఆడతారనుకోవడం కూడా భ్రమే. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం వాళ్లు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల లోపు పిల్లలు 36 మందిని గమనించి, 2018లో ఫలితాలు ప్రచురించారు. గదిలో 16 బొమ్మలున్నప్పటి కంటే 4 మాత్రమే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడుకున్నారు. కాబట్టి నలుగురు స్నేహితులు కలిసి ఒకే మంచి వస్తువు ఇస్తే పిసినారితనం అనుకోవద్దు.

ఇప్పుడు కాస్త కటువైన విషయం. డబ్బా మీద "మూడేళ్లు పైబడినవారికి" అని ఉంటుంది చూశారా, అది తెలివితేటల లెక్క కాదు. "మా వాడు చురుకైనవాడు, రెండేళ్లకే ఆడేస్తాడు" అని కొనేస్తుంటారు. చాలాసార్లు ఆ మాటకి అర్థం, గొంతులో ఇరుక్కునే చిన్న ముక్కలు అందులో ఉన్నాయని. భద్రతా పరీక్షలో సుమారు 3.2 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న గొట్టం వాడతారు, అందులో పూర్తిగా పట్టేసే ముక్క మూడేళ్ల లోపు పిల్లలకు పనికిరాదు. పుట్టినరోజు పాపకి నాలుగేళ్లు కావచ్చు, ఇంట్లో పాకే తమ్ముడున్నాడేమో కూడా ఆలోచించండి.

బటన్ సెల్, అంటే గుండీలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీ, ఉన్న బొమ్మలంటే నాకు నిజంగా భయం. మింగిన సెల్ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాల్చేయగలదు. సెల్ పెట్టే అరకి స్క్రూ బిగించి లేకపోతే ఆ బొమ్మ కొనకండి. మింగారని అనుమానం వచ్చినా ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. చిన్న అయస్కాంతాలు కూడా అంతే. రెండు మింగితే పేగుల మధ్య అవి ఒకదాన్నొకటి లాక్కుని పేగుకి చిల్లు పెడతాయి. గాలి తీసిన రబ్బరు బెలూను, పగిలిన బెలూను ముక్క కూడా నోట్లోకి వెళ్లనివ్వకండి.

కొనేముందు ఆ తల్లిదండ్రులకి ఒక్క ఫోన్ చేయండి. ఇంట్లో చోటుందా, ఇప్పటికే ఇలాంటివి ఉన్నాయా అని అడగండి. సర్‌ప్రైజ్ పిల్లలకి కదా, పెద్దవాళ్లకి దేనికి? నేను అడక్కుండా ఒక ఇంటికి డ్రమ్ము ఇచ్చాను. ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ నాతో మాట్లాడుతున్నారు గానీ, కాస్త గట్టిగా మాట్లాడుతున్నారు.

ఇచ్చాక కూడా మన పని ఒకటుంది. విప్పగానే పిల్లలు పక్కన పడేస్తే చిన్నబుచ్చుకోవద్దు. ఆ సందడిలో వాళ్లకి ఏ వస్తువూ కళ్లకి ఆనదు. "అంకుల్‌కి థ్యాంక్స్ చెప్పు" అని వాళ్లమ్మ బలవంతపెడుతుంటే మీరే ఆపండి. వారం తర్వాత వెళ్లి, మారుమాట లేకుండా నేల మీద కూర్చోండి. నచ్చిందైతే వాళ్లే తెచ్చి మీ ఒళ్లో పెడతారు.

ఇక ప్రశ్నలుంటే అడగండి. డ్రమ్ము సంగతి తప్ప.