తూము ఎక్కడుంది?

(బెంగళూరు బెళ్లందూరు వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో, తెలుగువాళ్ల ఆదివారం కూడికలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఉప్మా చల్లారేలోపు ముగించమన్నారు కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

మన వాకింగ్ గ్రూపులో ఒకాయన నన్నడిగారు: "సార్, మీరు ఇరిగేషన్‌లో పనిచేశారు కదా, ఇన్ని చెరువులున్న ఊళ్లో వరద ఎందుకొస్తుంది? ఆ నీళ్లు పట్టుకోవడానికే కదా చెరువులు?" నేను జవాబు చెప్పకుండా ఆయన్ను మన పక్క చెరువు దగ్గరికి తీసుకుపోయాను. అది ఏప్రిల్. మండే ఎండలు. నీళ్లు మాత్రం మరవ రాయికి జానెడు కిందే ఉన్నాయి. నిండిన చెంబులో నీళ్లు పోస్తే ఎక్కడికి పోతాయో ఆయనకు వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

మరవ అంటే మా అనంతపురం మాట. కోస్తావాళ్లు అలుగు అంటారు, తెలంగాణలో మత్తడి, ఇక్కడ కన్నడంలో కోడి. చెరువు నిండాక మిగులు నీళ్లు వాటంతట అవే దాటిపోయే చోటు అది. తూము వేరే. అది కట్ట అడుగున ఉంటుంది, మనం తెరిస్తేనే నీళ్లు పోతాయి. ఈ రెంటికీ తేడా గుర్తుపెట్టుకుంటే నేను చెప్పేదంతా అర్థమవుతుంది.

బెంగళూరు గట్టు మీద కూర్చున్న ఊరు, సముద్రమట్టానికి 900 మీటర్ల పైన. ఊరి మధ్యలో పెద్ద నది లేదు. పడిన వాన మూడు లోయల్లోకి జారుతుంది: హెబ్బాళ, కోరమంగళ–చల్లఘట్ట, వృషభావతి. వృషభావతి నీళ్లు అర్కావతి మీదుగా కావేరిలో కలుస్తాయి. మనది కోరమంగళ–చల్లఘట్ట లోయ, దాని నీళ్లు మడివాళ, అగర, బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా దక్షిణ పినాకినిలో పడి తమిళనాడుకు పోతాయి. ఆ పినాకిని, నెల్లూరుకు పోయే మన పెన్న, రెండూ నంది కొండల వైపే పుట్టాయి. ఒక చెరువు మరవ నీళ్లు రాజకాలువె, అంటే పెద్ద వాననీటి కాలువ, గుండా కింది చెరువులోకి పోతాయి. మనం గొలుసుకట్టు చెరువులు అనేది వీటినే.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక పల్లె చెరువు చూడబోయాను. నీరుగంటి, అంటే చెరువు నీళ్లు చూసుకునే ఊరి మనిషి, తూము తెరిచి ఉన్నాడు. నీళ్లు వృథా చేస్తున్నావని కేకలేశాను. ముసలాయన తొణకలేదు. "పడమర మెరుస్తా ఉంది సారూ, రెండడుగులు జాగా పెట్టాల" అన్నాడు. కింది చెరువు నీరుగంటికి పొద్దున్నే కబురు కూడా పంపాడట. ఆ రాత్రి కుండపోత. రెండు చెరువుల కట్టలూ నిలిచాయి. జీపులో వచ్చిన నేను తెల్లారి ఆయన ముందు నోరెత్తలేదు. కళ్లంలో గింజలు కొలిచి ఇచ్చే వాటా తప్ప ఆయనకు వేరే జీతం లేదు.

పాతకాలంలో చెరువు ఖాళీ అవడానికి ఎవరూ ప్రత్యేకంగా ప్లాన్ వేయక్కర్లేదు. ఆయకట్టు పొలాలకు తూము నుంచి నీళ్లు పారేవి, వేసవికి చెరువు అడుగంటేది, మళ్లీ వానకు జాగా ఉండేది. బెంగళూరులో ఆయకట్టు లేఔట్లయింది. నీళ్లు అడిగే పొలమే లేకపోతే తూము ఎవరికి కావాలి? అది పూడిపోయింది. పైగా మురుగునీరు ఏడాది పొడవునా వచ్చి పడుతోంది. అంటే చెరువును దించే దారి మూసుకుపోయింది, నింపే దారి మాత్రం ఇరవైనాలుగు గంటలూ తెరిచే ఉంది. ధర్మాంబుధి చెరువు మీద మెజెస్టిక్ బస్టాండు కట్టారని, సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయిందని అందరం బాధపడతాం. బతికున్న చెరువులు కూడా సగం పని మానేశాయన్న సంగతి ఎవరికీ పట్టదు.

2022 ఆగస్టు అంతా వానలే. చెరువులన్నీ నిండి మరవ పారుతున్నాయి. అప్పుడు సెప్టెంబర్ 4 రాత్రి నుంచి తెల్లారేదాకా 130 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. ఆఫీసులకు ట్రాక్టర్లలో పోయింది ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. మావాడి కారు బేస్‌మెంట్‌లో మూడు రోజులు నానింది.

ఒక చిన్న లెక్క చెప్తాను. 100 ఎకరాల చెరువును ఒక్క మీటరు దించితే సుమారు 40 కోట్ల లీటర్ల జాగా వస్తుంది. 130 మిల్లీమీటర్ల వాన ఒక చదరపు కిలోమీటరు మీద పడితే 13 కోట్ల లీటర్లు. నేలలోకి చుక్క ఇంకకపోయినా మూడు చదరపు కిలోమీటర్ల వానను ఆ ఒక్క మీటరే మింగేస్తుంది. బెళ్లందూరు చెరువు సుమారు 900 ఎకరాలు. మిగతా గుణింతం మీరే వేసుకోండి.

అయితే దించడం అంటే గేటు ఎత్తేసి చేతులు దులుపుకోవడం కాదు. ఒక చెరువు మిగులు ఇంకో చెరువుకు రాకడ. 2021 నవంబర్‌లో కడప జిల్లాలో ముందు పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లు చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టుకు చేరి, 19వ తేదీన దాని మట్టికట్ట కొట్టుకుపోయింది. అందుకే అట్టడుగు చెరువును ముందు దించాలి, తర్వాత దాని పైది, ఆ తర్వాత ఇంకా పైది. పైనుంచి మొదలుపెడితే మన వరదను మనమే తయారుచేసుకున్నట్టు. ఇక్కడ వానలు మే నెలలో ఒకసారి, సెప్టెంబర్–అక్టోబర్‌లో ఇంకోసారి గట్టిగా పడతాయి. కాబట్టి ఏప్రిల్‌లో, ఆగస్టులో జాగా చేసి పెట్టుకోవాలి.

చెన్నైలో 2015 డిసెంబర్ 1న చెంబరంబాక్కం చెరువు నుంచి 29 వేల క్యూసెక్కుల దాకా వదిలారు, అడయారు నది ఒడ్డున ఇళ్లు మునిగాయి. చెరువు నిండుగా ఉన్నప్పుడు వాన మీదపడితే వదలడం తప్ప ఇంజనీరు చేతిలో ఏమీ ఉండదు. పాపం, వాళ్లకు అది తాగునీటి చెరువు, నింపి పెట్టుకోవాలన్న ఆశ ఉంటుంది. మనకు ఆ సాకు కూడా లేదు. మనం తాగేది వంద కిలోమీటర్ల అవతల నుంచి ఎక్కించే కావేరి.

మురుగు సంగతి చెప్పకుండా ఇదంతా సగం మాటే. 2018 నుంచి మన లోయ మురుగును శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. ఆ పథకం రోజుకు 44 కోట్ల లీటర్లది. శుద్ధి ఇంకా బాగుండాలని అక్కడి రైతులు అంటున్నారు, నిజమే. కానీ చెరువులోకి రాని ప్రతి చెంబు మురుగూ వానకు మిగిలిన జాగాయే.

"నీళ్లు దించితే పక్షులు పోతాయి, చూడ్డానికి బాగోదు" అని మన కమిటీలోనే కొందరు అంటున్నారు. ఎండిన అంచులో బురద తేలితే కొంగలు ఇంకా ఎక్కువ వస్తాయి, పొద్దున్నే లేచి చూడండి. ఇంకొందరు మరవను ఒక అడుగు పెంచి బోటింగ్ పెడదామంటున్నారు. వాళ్ల ఫ్లాట్లు ఎన్నో అంతస్తులో ఉన్నాయో కనుక్కోవాలనుంది.

మన కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని లెక్కపెట్టింది. నీళ్లు ఎక్కువ, పారే పొలం తక్కువ కావడం ఆ దోషాల్లో ఒకటి. మన చెరువులకు ఇప్పుడు పట్టిన జబ్బు అదే.

మన చెరువు తూము కోసం రెండు ఆదివారాలు కట్ట పొడుగునా వెతికాను. దొరకలేదు. చివరికి పాత ఊళ్లో ఒక పెద్దాయన్ని అడిగాను. ఈ వైపు పాత రెడ్ల ఇళ్లలో చాలామంది ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. ఆయన కర్రతో చూపించాడు. "పిల్లల జారుడుబల్ల కనపడతా ఉందే, దాని కిందే సామీ."

వచ్చే ఆదివారం ఆరింటికి అక్కడ కలుద్దాం. టేపు, నీటిమట్టం చూపే గేజీకి గుర్తులు వేయడానికి తెల్ల పెయింటు నేను తెస్తాను. పార తెచ్చేవాళ్లు ఇప్పుడే పేరివ్వండి.