చొక్కా కాలర్ లోపల ఊరి పేరు

శ్రోతలకు నమస్కారం. మొన్న చెన్నై పాండీ బజార్లో మా అబ్బాయికి చొక్కా కొన్నాను. కాలర్ తిప్పి చూస్తే బంగ్లాదేశ్ అని ఉంది. మనసు చివుక్కుమంది. మాది పెరంబూరు. 1876లో పెట్టిన బకింగ్‌హామ్ మిల్లు మా ఇంటికి దగ్గరే. జనం బిన్నీ మిల్లు అనేవారు. అందులో మా తాతయ్య నేతపని చేశారు. మిల్లు కూత వినపడితే మా అవ్వ పొయ్యి వెలిగించేది. 1996లో ఆ మిల్లు మూతపడింది.

మరి చొక్కాల పని బంగ్లాదేశ్‌కి ఎలా చేరింది? ఇది కొరియాతో మొదలైన కథ. దక్షిణ కొరియా బట్టలు కుట్టి అమెరికాకు, యూరప్‌కు ఓడలకొద్దీ పంపేది. 1974 నుంచి ఆ దిగుమతులకు కోటాలు వచ్చాయి. ఇంత సరుకే తీసుకుంటాం, అంతకు మించి వద్దన్నారు. కొరియాలో కూలి రేట్లు కూడా పెరుగుతున్నాయి. దాంతో దేవూ అనే కొరియా కంపెనీ, కోటా లేని దేశం వెతుక్కుని, బంగ్లాదేశ్ రేవు పట్టణం చిట్టగాంగ్‌లోని దేశ్ గార్మెంట్స్ అనే కంపెనీతో చేయి కలిపింది.

1979లో దేశ్ నుంచి 130 మంది పని నేర్చుకోడానికి కొరియాలోని బుసాన్ వెళ్లారు. నూటముప్ఫై మందే! ఆరు నెలలు ఉండి కుట్టుపనితో పాటు ఫ్యాక్టరీ నడిపే తీరు కూడా నేర్చుకుని ఇంటికొచ్చారు. కొన్నేళ్లు తిరిగేసరికి వాళ్లలో 115 మంది దేశ్‌ని వదిలేశారు. కొందరు సొంతంగా ఫ్యాక్టరీలు పెట్టారు, మిగతావాళ్లు కొత్తవాటిలో చేరారు. ఎక్కడ చేరితే అక్కడ పక్కవాళ్లకు పని నేర్పారు. ఇవాళ బట్టల ఎగుమతిలో చైనా తర్వాత చెప్పుకునే దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి. నూటముప్ఫై మంది అంటే మా వీధి జనం కూడా కాదు. ఈ లెక్క తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఫ్యాక్టరీ మారినా నేర్చుకున్న పని మనిషి వెంటే వస్తుంది. మన చెన్నై పక్కన శ్రీపెరంబుదూరులో 2014లో నోకియా ఫోన్ల ఫ్యాక్టరీ ఆగిపోయింది. ఇప్పుడు అదే ఊళ్లో ఐఫోన్లు తయారవుతున్నాయి. నెల్లూరు నుంచి వచ్చిన మా పక్కింటమ్మాయి అక్కడే ఒక ఫోన్ల ఫ్యాక్టరీలో చేస్తోంది. మూడేళ్లుగా స్క్రూలు బిగించడమే పని. "ఇది ఆగిపోతే ఎట్లా బాబాయ్?" అని టెన్షన్ పడుతుంటే ఒకటే చెప్పాను. "టెస్టింగ్ పని కూడా నేర్పమని సూపర్‌వైజర్‌ని అడుగమ్మా. నేర్చుకున్నాక కాగితం మీద రాయించుకో."

మీ ఇంట్లోనూ ఫ్యాక్టరీకి వెళ్లే పిల్లలుంటే, ఈ రాత్రి అన్నాల దగ్గర అడిగి చూడండి. పక్క మిషన్ పని వాళ్లకు వచ్చా?