సంతకానికి ముందు వినిపించాల్సింది

వేదిక మీది పెద్దలకీ, వార్డు సిస్టర్లకీ, బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి వచ్చిన ఒడిశా తెలుగువాళ్లందరికీ నమస్కారం.

ఆపరేషన్‌కి ముందు రోగి పెట్టే సంతకం గురించి మాట్లాడమన్నారు. నేను చెప్పదలుచుకున్నది ఒకటే. మన జిల్లాల్లో ఆ సంతకానికి ముందు కాగితం ఒక్కటే ఉంటే చాలదు. రోగి తన ఇంటి మాటలో వినగలిగే, కళ్లతో చూడగలిగే చిన్న వీడియో ఉండాలి. దాని తర్వాత ప్రశ్నలు అడగడానికి ఒక మనిషి ఉండాలి.

మన ఇళ్ల సంగతే చూడండి. పిల్లలు ఒడియా బడుల్లో చదివారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ చాలామందికి తెలుగు చదవడం రాదు. నాయనమ్మకి తెలుగు అక్షరాలు కాస్త వచ్చినా ఒడియా రాదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కోడలికీ అదే ఇబ్బంది. ఫారమేమో ఒడియాలోనో ఇంగ్లిష్‌లోనో ఉంటుంది. తెలుగులో అచ్చు వేయిస్తే నాయనమ్మకి పనికొస్తుంది, మనవడికి పనికిరాదు. కొండల మీద సవర, కువి మాట్లాడేవాళ్లకి ఈ మూడింటిలో ఏదీ అక్కరకు రాదు. అందరికీ అందేది గొంతు ఒక్కటే.

చట్టం కూడా ఇదే అడుగుతోంది. 2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో ఇచ్చిన తీర్పు ప్రతి ఆసుపత్రిలోనూ తెలిసి ఉండాలి. పొట్టలోకి కెమెరా పెట్టి చూసే పరీక్షకి ఆమె ఒప్పుకున్నారు. మత్తులో ఉండగా, తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికి వస్తే తప్ప ఒక పనికి ఇచ్చిన ఒప్పుదల ఇంకో పనికి చెల్లదని, వయసొచ్చిన మనిషి మెలకువ వచ్చాక తానే చెప్పగలిగినప్పుడు తల్లి ఒప్పుదల సరిపోదని కోర్టు తేల్చింది. ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు, వేరే దారులున్నాయా, పెద్ద ప్రమాదాలేంటి, చేయించుకోకపోతే ఏమవుతుంది. ఇవన్నీ రోగికి తెలియాలంది. వీడియో స్క్రిప్టుకి ఈ ప్రశ్నలే చాలు.

మన వార్డుల్లో "మా ఆయన్ని అడగండి, ఆయనే సంతకం పెడతారు" అనే ఆడవాళ్లు ఇప్పటికీ ఎందరో. హెడ్‌ఫోన్ ఆ తల్లి చెవికే పెట్టాలి. భర్త పక్కన కూర్చుని చూడొచ్చు, కానీ ఒప్పుకోవాల్సింది ఆవిడే.

ప్రమాదాలన్నీ చెప్పేస్తే జనం టెన్షన్ పడి పారిపోతారని కొందరు డాక్టర్ల భయం. ఆపరేషన్లకి ముందు ఇలా వీడియోలు, బొమ్మలు, కరపత్రాలు వాడి చేసిన పరిశోధనలని 2013లో కొక్రేన్ సంస్థ ఒకచోట చేర్చి పరిశీలించింది. రోగులకి విషయం బాగా తెలిసింది, ఆందోళన విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే దాచిపెట్టి మనం కాపాడుతున్నదేమీ లేదు.

వీడియో ఎలా ఉండాలి? ఐదారు నిమిషాలు దాటకూడదు. రక్తం, కోత చూపించొద్దు, గీతల బొమ్మలు చాలు. థియేటర్ గది, పైన పెద్ద లైటు, చేతికి కట్టే బీపీ పట్టీ మాత్రం నిజమైనవే చూపించాలి. ముందే చూసిన గదిలోకి వెళ్లడం వేరు. గొంతు మన వార్డు సిస్టర్‌దే అయితే మంచిది: "అమ్మా, నడుముకి సూది వేస్తారు. నడుము కింద నుంచి మొద్దుబారిపోద్ది. మెలకువ ఉంటాది, నొప్పి ఉండదు. కొందరికి తర్వాత కొన్నాళ్లు తలనొప్పి రావచ్చు, వస్తే వెంటనే చెప్పండి." ఆ సూదితో జన్మంతా నడుంనొప్పి వస్తుందన్న భయం మనవాళ్లలో ఎంత లోతుగా ఉందో మీకు తెలుసు. దాన్ని పేరు పెట్టి ఎత్తుకోవాలి, దాటేయకూడదు.

ప్రమాదాలు శాతాల్లో చెప్తే ఎక్కవు. పిత్తాశయంలో రాళ్లకి చేసే కెమెరా ఆపరేషన్లో పైత్యరసం గొట్టానికి దెబ్బ తగలడం వెయ్యి మందిలో ముగ్గురి నుంచి ఐదుగురికి జరగొచ్చు. వెయ్యి మనుషుల బొమ్మలు వేసి, ఐదుగురికి రంగు మార్చండి. కెమెరాతో మొదలుపెట్టినా మధ్యలో పొట్ట కోయాల్సి రావచ్చన్న మాట కూడా అక్కడే చెప్పాలి.

మనకి ఇంకో అవసరం ఉంది. గంజాం నుంచి ఎంతమంది మగవాళ్లు సూరత్ మగ్గాల దగ్గర ఉన్నారు! ఇక్కడ ఆసుపత్రిలో భార్య, అక్కడ ఫోన్లో భర్త. "డాక్టర్ ఏదో అన్నారు" అని ఆవిడ చెప్పలేక చెప్పే బదులు, అదే వీడియో వాట్సాప్‌లో ఆయనా చూస్తాడు. అందుకే వీడియో ఇవ్వాల్సింది ఆపరేషన్ తేదీ ఇచ్చిన రోజు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక చూపిస్తే అది వేలిముద్ర కోసం చేసే తతంగమే.

రోగి సంతకం పెడుతుండగా తీసే వీడియో దీనికి బదులు కాదు. మందుల ప్రయోగాల్లో కొన్ని రకాలకి ఒప్పుదలని రికార్డు చేయాలన్న నిబంధన మన దేశంలో ఉంది, అది అవసరమే. కానీ అది రేపటి సాక్ష్యం కోసం. నేను అడుగుతున్నది ఈరోజు రోగికి అర్థం కావడం కోసం.

వీడియో అయ్యాక "అర్థమైందా?" అని అడగొద్దు. అందరూ తలూపుతారు. "ఇంటికెళ్లి మీ వదినకి ఎలా చెప్తారమ్మా?" అనండి. ఎక్కడ తడబడితే అక్కడ డాక్టరే మళ్లీ చెప్పాలి. ఆ పని ఫోన్ వల్ల కాదు.

మొదట సిజేరియన్, హెర్నియా, వరిబీజం ఆపరేషన్లకి చేద్దాం. స్క్రిప్టు ప్రతులు వెనక బల్ల మీద ఉన్నాయి. మీ ఊళ్లో అనని మాట కనిపిస్తే కొట్టేసి, మీరు అనేది పక్కన రాయండి. సవర, కువి వచ్చిన ఆశా దీదీలు భోజనాలకి ముందే నన్ను కలవండి, గొంతుల రికార్డింగ్ మీతోనే మొదలుపెట్టాలి.