కాలేయం ఒకటే, పత్రాలు రెండు: స్టూడియో చర్చకు అక్షరరూపం

(రాజమహేంద్రవరంలోని ఒక ప్రాంతీయ చానల్ స్టూడియోలో జరిగిన చర్చలో ముఖ్యభాగం ఇది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడిన చోట వినిపించినంత వరకే రాశాను. కాలేజీలు నడిపే కరస్పాండెంట్ గారి మాటలే ఎక్కువగా కనిపిస్తే తప్పు నాది కాదు.)

సంధానకర్త: నమస్కారం. డెల్టాలోని ఒక కళాశాల నుంచి వెలువడిన రెండు ఫార్మసీ పరిశోధన పత్రాలను విదేశీ జర్నల్ వెనక్కి తీసుకుంది. అప్పటి నుంచి ఫోన్లలో ఒకటే రగడ. ఫార్మసీ, దంతవైద్యం, ఇంజనీరింగ్, కంప్యూటర్లు... మన కాలేజీల్లో జరుగుతున్నది పరిశోధనా, పత్రాల పంటా? నలుగురికీ సమాన సమయం ఇస్తాను. నా ప్రశ్న మాత్రం ముందే అడిగేస్తాను. మందుల శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టింది మన భీమవరంలో. అదే గడ్డ, అదే నీళ్లు. మరి ఇక్కడి నుంచి నోబెల్ ఎప్పుడు? ఫార్మసీ ప్రొఫెసర్ గారూ, మీతో మొదలుపెడదాం.

ఫార్మసీ ప్రొఫెసర్: నోబెల్ సంగతి తర్వాత చూద్దామండి. ముందు ఆ ఫొటో సంగతి చెప్పాలి. ఎలుక కాలేయాన్ని పలచగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద తీసిన ఫొటో అది. మొదటి పత్రంలో అది వేపాకు రసం తాగిన ఎలుకది. రెండో పత్రంలో మునగాకు రసం తాగిన ఎలుకది. రెండోసారి అడ్డంగా తిప్పి పెట్టారు. అయితే కోసేటప్పుడు ముక్కకు ఒక మూల చిన్న మడత పడింది. దాని పక్కనే గాలి బుడగ. బొమ్మను ఎటు తిప్పినా ఆ మడతకూ ఆ బుడగకూ మధ్య దూరం మారదు కదా...

కరస్పాండెంట్: ఒక్క నిమిషం. ఒక్క నిమిషం, ప్రొఫెసర్ గారూ. పొరపాటున ఫొటోలు తారుమారై ఉండవచ్చు. కంప్యూటర్‌లో వంద ఫైళ్లు ఉంటాయి.

ఫార్మసీ ప్రొఫెసర్: పొరపాటున తిరగదు కదండీ!

కరస్పాండెంట్: నన్ను పూర్తి చేయనివ్వండి. నేను ఇరవై ఏళ్లు ఇంజనీరింగ్ ప్రిన్సిపాల్‌గా చేశాను. ఇప్పుడు ఒకే ప్రాంగణంలో నాలుగు కాలేజీలు నడుపుతున్నాను. తాలు గింజలు కనిపించాయని కళ్లానికి నిప్పు పెడతామా? వెనక్కి తీసుకున్నవి రెండు పత్రాలు. మరి నిలిచినవి ఎన్ని? ఆ లెక్క ఎవరూ చెప్పరు.

సంధానకర్త: అంటే మీరు సమర్థిస్తున్నారా?

కరస్పాండెంట్: సమర్థించడం లేదు. అర్థం చేసుకోమంటున్నాను. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లు వస్తారు, పత్రాలెన్ని అంటారు. కేంద్రం ఇచ్చే కాలేజీ ర్యాంకుల వాళ్లు అడుగుతారు, పత్రాలెన్ని అంటారు. పిల్లవాడి తండ్రి కౌన్సెలింగ్‌కు వచ్చి, ర్యాంకెంత అంటాడు. ఈ ఆట నియమాలు నేను రాశానా?

కంప్యూటర్ లెక్చరర్: సార్, ఆ నియమాలు కూడా మారుతున్నాయి. పీహెచ్‌డీకి ముందే పత్రం ప్రచురించి తీరాలన్న షరతును విశ్వవిద్యాలయాలపై అజమాయిషీ చేసే యూజీసీ 2022లోనే తీసేసింది. 2025 ర్యాంకుల నుంచి వెనక్కి తీసుకున్న పత్రాలకు మార్కులు కోస్తున్నారు. అయినా మా దగ్గర ఏడాదికి రెండు స్కోపస్ పత్రాలు, అంటే స్కోపస్ అనే అంతర్జాతీయ జాబితాకెక్కిన జర్నళ్లలో పత్రాలు, లేకపోతే ఇంక్రిమెంటు...

కరస్పాండెంట్: నాయనా, నువ్వు చిన్నవాడివి. యూజీసీ అంటున్నావు. మంచి జర్నళ్ల జాబితా ఒకటి పెట్టింది వాళ్లే, 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది వాళ్లే. ఇక ఏది మంచిదో ఏది దొంగదో ఎవరికి వారే తేల్చుకోవాలట. తూనికరాళ్లు తీసుకుపోయి, తూకం సరిగా వెయ్యమంటే ఎలా?

(ఈ మాట బాగుంది. స్టూడియోలో వెనక నుంచి ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.)

సంధానకర్త: మంచి పాయింటు. డాక్టర్ గారూ, దంతవైద్యం తరఫున... సుబ్బారావు గారి గడ్డ మీద పుట్టిన మీరు...

దంత వైద్యురాలు: నేను పుట్టింది శ్రీకాకుళంలో అండీ. దాని గురించే చెబుతాను. అక్కడ సముద్రం ఒడ్డున ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుంటారు. గాలికి ఆరిపోదు, బూడిద బయట రాలదు. అలా తాగే ముసలమ్మ ఒకావిడ కూతురి ఇంటికని వచ్చి నా దగ్గర చూపించుకుంది. అంగిలి మొత్తం తెల్లగా, ఎండిన బురదలాగా బీటలు వారి ఉంది. మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. అవి లాలాజల గ్రంథుల నోళ్లు. అలాంటిచోట క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఎక్కువ. నేను ఫొటో తీసి, రాసి...

కరస్పాండెంట్: పొగాకు అంటే గుర్తొచ్చింది. మన లంక పొగాకు! దేశమంతటికీ పేరున్న పొగాకు పరిశోధన సంస్థ 1947లో ఈ రాజమండ్రిలోనే పెట్టారు. పరిశోధన మనకు కొత్తా? కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. అది పరిశోధన కాదా? ఆయన ఏ స్కోపస్ జర్నల్లో రాశాడు?

ఫార్మసీ ప్రొఫెసర్: అదే నేను అనేదీ! ఆయన పత్రాలు లెక్కపెట్టుకోలేదు. గట్టున తిరిగి, నీటిమట్టం చూసి, నివేదిక రాశారు.

కరస్పాండెంట్: నివేదిక అంటే పత్రమే కదండీ! చూశారా, ఆయన కూడా రాశాడు. రాయకపోతే పై నుంచి డబ్బు ఇచ్చేవారా?

(ఒక్క నిమిషం క్రితం కాటన్ ఏ జర్నల్లోనూ రాయలేదని అన్నది ఈయనే. ఎవరూ గుర్తు చేయలేదు.)

సంధానకర్త: డాక్టర్ గారి ముసలమ్మ దగ్గరకు మళ్లీ వద్దాం. కంప్యూటర్ వైపు నుంచి... కృత్రిమ మేధకు ఇప్పుడు నోబెల్ కూడా ఇస్తున్నారు, 2024లో ఇచ్చారు. మన కాకినాడ, భీమవరం కుర్రాళ్లకు ఎప్పుడు?

కంప్యూటర్ లెక్చరర్: సార్, ఒక చిన్న ఉదాహరణ. మధుమేహాన్ని ముందే పసిగట్టే ప్రోగ్రామ్ మీద మా పిల్లలు ఏటా ప్రాజెక్టులు చేస్తారు, పత్రాలు రాస్తారు. వాటిలో వాడే లెక్కలు ఎవరివో తెలుసా? అమెరికాలోని అరిజోనాలో పీమా తెగ స్త్రీలవి. 768 మంది. దశాబ్దాల నాటి లెక్కలు. ఉచితంగా దొరుకుతాయి, పదిహేను నిమిషాల్లో ప్రోగ్రామ్ నడుస్తుంది. మా కాలేజీ గేటు ఎదురుగానే షుగరు పరీక్షల ల్యాబు ఉంది. ఉదయం ఏడు గంటలకే అక్కడ వరుస. ఆ వరుసలోని ఒక్క మనిషి కూడా మా పత్రాల్లో లేడు.

సంధానకర్త: అబ్బా.

కంప్యూటర్ లెక్చరర్: రెండోది. కాపీ పట్టుకునే సాఫ్ట్‌వేర్ నుంచి తప్పించుకోవడానికి మాటలు మార్చే ప్రోగ్రాములు వాడతారు. కృత్రిమ మేధ అన్న ఇంగ్లీషు మాట అందులో పడి ‘నకిలీ స్పృహ’ అయి బయటికొస్తుంది. రొమ్ము క్యాన్సర్ ‘ఎద ఆపద’ అవుతుంది. నేను వేళాకోళం ఆడటం లేదు, అచ్చయిన జర్నళ్లలోనే ఇలాంటివి దొరికాయి. ఫ్రాన్సులో ఒక కంప్యూటర్ శాస్త్రవేత్త బృందం వీటిని ఏరుతూనే ఉంది.

(అందరూ నవ్వారు. కరస్పాండెంట్ గారు అందరికంటే గట్టిగా.)

కరస్పాండెంట్: బాగుంది. అయితే నాయనా, నీ జీతం ఎక్కడి నుంచి వస్తోంది? సీట్లు నిండితేనే కదా? సీట్లు ర్యాంకు వల్ల నిండుతాయి. ర్యాంకు పత్రాల వల్ల వస్తుంది. పత్రాలెన్ని? అంతే ప్రశ్న. నేను పదే పదే చెబుతున్నది అదే.

ఫార్మసీ ప్రొఫెసర్: మీరు పదే పదే చెబుతున్నారు, నిజమే.

సంధానకర్త: ప్రొఫెసర్ గారూ, సూటిగా అడుగుతాను. సుబ్బారావు గారిలాంటి వారు...

ఫార్మసీ ప్రొఫెసర్: సరే, ఆయన గురించే చెబుతాను. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల వ్యాధితో పోయారు. ఆ దుఃఖం ఇంట్లో చూసిన మనిషి ఆయన. తర్వాత అమెరికాలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, అది ఆ జబ్బుకు పనికొచ్చింది. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎంత ఉండేదో పెద్దవాళ్లకు తెలుసు. ఇంటింటికీ తిరిగి పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం లెడర్లీ ప్రయోగశాలలో తెచ్చిందే. అంటే ఆయన ప్రశ్నలు మన వాకిట్లోవి. మనం చేస్తున్నదేమిటి? ఎలుకకు స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు పొడిచి షుగరు తెప్పించడం, పెరట్లోని ఒక ఆకు నూరి పోయడం, షుగరు తగ్గిందని రాయడం. మరుసటి ఏడు ఇంకో ఆకు. పెరట్లో ఆకులు అయిపోతున్నాయండి.

కరస్పాండెంట్: సుబ్బారావు గారు జర్నల్లో రాయలేదా? 1925లో భాస్వరం కొలిచే పద్ధతి మీద రాయలేదా? ఆ పత్రం లేకపోతే సుబ్బారావు ఎవరు? చెప్పండి! ఎవరు?

(అందరూ ఒకేసారి. ‘పద్ధతి లేకపోతే పత్రం ఎక్కడిది’ అన్నది ప్రొఫెసర్ గారి గొంతులాగా వినిపించింది.)

సంధానకర్త: ఒక కాల్ ఉంది. ఉండి అనే ఊరి నుంచి ఆక్వా రైతు. చెప్పండి.

కాలర్: నమస్కారమండి. మా చెరువు రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయని కంపెనీ వాళ్లు సరుకు వద్దన్నారు. నేను క్లోరాంఫెనికాల్ కొనలేదు, దాని పేరు కూడా వాళ్లు చెబితేనే విన్నాను. షాపులో ప్రోబయోటిక్ అని ఇచ్చిన సంచే చల్లాను. సంచి మీద చేప బొమ్మ, కింద ఇంగ్లీషులో ఏదో ఉంది. దాంట్లో నిజంగా ఏముందో పరీక్ష చేసి చెప్పే కాలేజీ మన దగ్గర ఉందా అండి? ఇన్ని ఫార్మసీ కాలేజీలు ఉన్నాయి కదా.

కరస్పాండెంట్: మా దగ్గర ఆ యంత్రం ఉంది! ద్రవాల్లోని మందులు కనిపెట్టే యంత్రం, దిగుమతి చేసుకున్నదే.

కాలర్: అయితే రేపు సంచి తీసుకొని రమ్మంటారా?

కరస్పాండెంట్: అంటే... ఆపరేటర్ మానేశాడు. ప్రకటన ఇచ్చాం.

దంత వైద్యురాలు: ఎప్పటి నుంచి సార్?

కరస్పాండెంట్: అమ్మా, అది వేరే విషయం. ప్రభుత్వం నిధులు ఇవ్వాలి. నేను ముందు నుంచీ అంటున్నది అదే. నిధులు లేవు, నియమాలు మాత్రం ఉన్నాయి...

కాలర్: హలో? సంచి...

(లైను తెగింది. ఆ వెంటనే రొయ్యల మేత ప్రకటన వచ్చింది. నేను కల్పించడం లేదు.)

సంధానకర్త: తిరిగి స్వాగతం. సమయం దగ్గరపడింది. మొత్తం మీద కరస్పాండెంట్ గారు చెప్పిన నిధుల అంశం కీలకమని చర్చలో తేలినట్టుంది.

ఫార్మసీ ప్రొఫెసర్: తేలలేదండి. ఫొటో సంగతే తేలలేదు. ఆ పత్రాల మీద పేరున్న గైడ్ ఆ ఫొటో చూశారా లేదా? ఎలుకలు అసలు ఉన్నాయా? జంతు నైతిక కమిటీ అనుమతి కాగితం ఉంటుంది, దాంట్లో ఎన్ని ఎలుకలో రాసి ఉంటుంది. ఆ ఒక్క కాగితం బయటపెడితే...

కరస్పాండెంట్: కాగితాలు, కాగితాలు! ఇప్పటిదాకా కాగితాలు వద్దన్నది మీరే కదా?

(స్టూడియోలో నవ్వులు. సంధానకర్త కూడా నవ్వారు. ప్రొఫెసర్ గారు నీళ్లు తాగారు.)

సంధానకర్త: కరస్పాండెంట్ గారూ, చివరగా ఒక్క మాటలో. గోదావరికి నోబెల్?

కరస్పాండెంట్: వస్తుంది. మా నాలుగు కాలేజీలూ కలిసి వచ్చే నెల అంతర్జాతీయ సదస్సు పెడుతున్నాం. ఫార్మసీ, డెంటల్, ఇంజనీరింగ్, కంప్యూటర్స్, అన్నీ ఒకే వేదిక మీద. రిజిస్ట్రేషన్ చేసుకున్న ప్రతి పత్రమూ అచ్చవుతుంది.

కంప్యూటర్ లెక్చరర్: ప్రతి పత్రమూనా సార్? ఎవరూ చదవకుండానే?

కరస్పాండెంట్: విద్యార్థులకు రాయితీ కూడా ఉంది.

సంధానకర్త: డాక్టర్ గారూ, ఇరవై సెకన్లు. మీ ముసలమ్మ.

దంత వైద్యురాలు: ఆ కేసు రాసి పంపుతానంటే, ఒక్క రోగి మీద రాస్తే మార్కులు రావన్నారు. సరే, పదిమందిని చూద్దామని ఆవిడ కూతురి ఊరు వెళ్లాను. అరుగు మీద నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే నలుగురూ నోరు మూసుకున్నారు, లోపల నిప్పు...

(సంగీతం. పేర్లు పడుతుండగా ఒక మైకు ఇంకా తెరిచే ఉంది. కరస్పాండెంట్ గారు సంధానకర్తతో: ‘ప్రారంభ సభకు మీరు తప్పకుండా రావాలి. శాలువా ఏ రంగు కావాలో చెప్పండి.’)