ఆ పుస్తకం మొత్తం చదివినవాళ్లు ఎందరు?

సభకు నమస్కారం. పిల్లల తెలుగు క్లాసు అయ్యాక కూడా ఇంటికి వెళ్లిపోకుండా కూర్చున్నందుకు అందరికీ థాంక్స్. ఇక్కడున్న చాలామంది పిల్లలు మా అమ్మాయితో పాటు టెక్సస్ పబ్లిక్ స్కూళ్లలోనే చదువుతున్నారు. వాళ్ల మార్కులు, బస్సు టైము, కాలేజీ అడ్మిషన్లు మనకు బాగా తెలుసు. వాళ్ల బడి లైబ్రరీలో ఏముందో, ఈమధ్య అక్కడినుంచి ఏం మాయమైందో మాత్రం తెలియదు. రెండేళ్ల కిందటి దాకా నాకూ తెలియదు.

అప్పుడు మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఒక హైస్కూల్ లైబ్రరీ పుస్తకం మీద ఫిర్యాదు వచ్చింది. పరిశీలన కమిటీకి పేరెంట్స్ కావాలని మెయిల్ పంపితే సరేనన్నాను. మొత్తం ఎనిమిది మందిమి. మొదటి మీటింగ్‌లో ఒక్కొక్కరికీ ఒక ఫోల్డర్ ఇచ్చారు. అందులో ఫిర్యాదుతో పాటు వచ్చిన పదకొండు జిరాక్స్ పేజీలు, వాటి మీద పసుపు హైలైటర్ గీతలు. నిజం చెప్పాలంటే, ఆ గీతల కింద ఉన్నది చదివి నాకు ఒళ్లు జలదరించింది. ఇలాంటిది పిల్లల చేతికి ఎలా ఇచ్చారని లైబ్రేరియన్ మీద కోపం కూడా వచ్చింది. అక్కడికక్కడే ఓటు వెయ్యమని ఉంటే తీసెయ్యమనే వేసేదాన్ని.

రూలు ప్రకారం పుస్తకం మొత్తం చదవాలి కాబట్టి ఇంటికి తీసుకెళ్లాను. మూడు రాత్రులు పట్టింది. పసుపు గీతల కింద ఉన్నది, ఒక అమ్మాయి మీద సవతి తండ్రి చేసిన అఘాయిత్యం. ఆ పిల్ల ఏడాది పాటు ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయి, చివరికి ఒక టీచర్ దగ్గర నోరు విప్పుతుంది. ఆ ఘట్టం రెండు వందల పేజీలు దాటాక వస్తుంది. ఫోల్డర్‌లో ఆ పేజీ లేదు. ఆ పేజీ కోసమే ఆ పుస్తకం రాశారు.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటాం. పుస్తకం విషయంలో ఆ లెక్క పనికిరాదు. ఒక పేజీ చింపి పట్టుకుంటే దాని ముందున్నదీ పోతుంది, వెనకున్నదీ పోతుంది. ఈ దేశపు సుప్రీంకోర్టు కూడా 1973లో మిల్లర్ వర్సెస్ కాలిఫోర్నియా కేసులో దాదాపు ఇదే చెప్పింది. ఒక రచన అశ్లీలమా కాదా అన్నది దాన్ని మొత్తంగా తీసుకుని తేల్చాలి, దానికి సాహిత్యపరంగా, కళాపరంగా, శాస్త్రీయంగా, రాజకీయంగా గట్టి విలువ ఉందా అన్నది కూడా చూడాలి అని.

బడి లైబ్రరీల గురించిన పెద్ద కేసు దాని తర్వాత వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో ఐలండ్ ట్రీస్ అనే స్కూల్ డిస్ట్రిక్ట్. 1975లో అక్కడి బోర్డు, అంటే బడుల్ని నడిపే పాలకవర్గం, సభ్యులు కొందరు ఒక తల్లిదండ్రుల సంఘం పెట్టిన సదస్సుకు వెళ్లి, అభ్యంతరకరమైన పుస్తకాల జాబితా ఒకటి పట్టుకొచ్చారు. నవంబరులో ఒక రాత్రి హైస్కూల్ లైబ్రరీలోకి వెళ్లి, ఆ జాబితాలోవి ఇక్కడ ఏమున్నాయో వెతికారు. మరుసటి ఫిబ్రవరిలో ఆ పుస్తకాలను అల్మరాల్లోంచి తీసి బోర్డు ఆఫీసుకు పంపించమన్నారు. ఎందుకో తెలుసా? చదవడానికి! ముందు తీసేశారు, చదవడం తర్వాత మొదలుపెట్టారు.

గొడవ బయటపడ్డాక నలుగురు పేరెంట్స్‌తో, నలుగురు స్కూల్ సిబ్బందితో కమిటీ వేశారు. మా కమిటీలాగే ఎనిమిది మంది. వాళ్లు చదివి, చర్చించి, కొన్ని ఉంచండి, కొన్ని తీసెయ్యండి అని రాసిచ్చారు. బోర్డు ఆ నివేదికను దాదాపుగా పక్కన పెట్టేసింది. పదకొండు పుస్తకాల్లో ఒకదాన్ని మామూలుగా, ఒకదాన్ని తల్లిదండ్రుల అనుమతితో ఉంచి, మిగతా తొమ్మిదీ తీసేసింది. స్టీవెన్ పీకో అనే విద్యార్థి, మరో నలుగురు పిల్లలు కలిసి బోర్డు మీద కేసు వేశారు. పిల్లలు వేసిన కేసండీ అది! 1982లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తీర్పు 5-4. పుస్తకంలోని భావాలు నచ్చలేదన్న కారణంతో బోర్డులు లైబ్రరీ పుస్తకాలను తీసెయ్యకూడదని జస్టిస్ బ్రెనన్ రాశారు. అయితే ఆయన రాసిన దానితో పూర్తిగా ఏకీభవించిన జడ్జీలు అయిదుగురు లేరు. అందుకే ఆ తీర్పు బలం ఎంత అన్నది ఈనాటికీ లాయర్లు వాదించుకుంటూనే ఉన్నారు.

ఆ తీర్పులో ఇంకో ముక్క కూడా ఉంది. పుస్తకం ఆసాంతం బూతుమయం అనో, చదువుకు తగినది కాదనో తీసేస్తే తప్పు కాదు. అప్పటి ఐలండ్ ట్రీస్ బోర్డు ఆ పుస్తకాలను అమెరికాకు వ్యతిరేకం, క్రైస్తవానికి వ్యతిరేకం అని బాహాటంగానే ప్రకటించింది. ఈ రోజుల్లో ఏ బోర్డూ అలా నోరు జారదు. ఫలానా జాతి చరిత్ర మాకు ఇష్టం లేదు, ఫలానా రకం కుటుంబాల కథ నచ్చలేదు అని ఎవరూ రాయరు. ఫిర్యాదు ఫారం మీద ‘లైంగిక విషయం’ అన్న ఒక్క మాట ఉంటుంది. కొన్ని ఫిర్యాదుల్లో ఆ మాట నిజమే. కొన్నిట్లో ముసుగు. ఏది ఏదో తేల్చాలంటే మళ్లీ పుస్తకం చదవాల్సిందే, వేరే దారి లేదు.

2021 అక్టోబరులో మన రాష్ట్ర శాసనసభ్యుడు మ్యాట్ క్రాస్ దాదాపు 850 పుస్తకాల జాబితా పంపి, ఇవి మీ దగ్గర ఎన్ని ఉన్నాయి, వాటికి ఎంత ఖర్చు పెట్టారు అని స్కూల్ డిస్ట్రిక్టులను అడిగారు. 850 పుస్తకాలు ఆయన చదివారని నేననుకోను. అక్కడినుంచి ఈ గాలి దేశమంతా వీచింది. 2022 ఆగస్టులో, స్కూళ్లు తెరవడానికి ఒక్క రోజు ముందు, మన పక్కనే కెల్లర్‌లో 41 పుస్తకాలను తక్షణం తీసెయ్యమని స్కూళ్లకు మెయిల్ వెళ్లింది. అందులో బైబిల్ ఉంది, ఆన్ ఫ్రాంక్ డైరీకి వేసిన బొమ్మల పుస్తకం ఉంది. కొన్నిటిని అంతకు ముందే కమిటీలు చదివి, ఉంచవచ్చని తేల్చాయి కూడా. తేల్చినవాళ్ల శ్రమంతా ఒక్క మెయిల్‌తో బూడిదలో పోసిన పన్నీరైంది.

ఫ్లోరిడాలో 2023 జనవరిలో కొందరు టీచర్లు తమ క్లాసురూముల్లోని పుస్తకాల అరలను పెద్ద పెద్ద కాగితాలతో కప్పేశారు. ఏ పుస్తకం వల్ల ఏ కేసు మీద పడుతుందో తెలియని టెన్షన్. కొత్తగా చదవడం నేర్చుకుంటున్న పిల్లవాడికి క్లాసులో ఆ కాగితం ఏం చెప్పి ఉంటుందో ఒక్కసారి ఊహించండి. అదే ఏడాది అక్కడ వచ్చిన ఇంకో చట్టం ప్రకారం, ఫలానా రకం ఫిర్యాదు వస్తే అయిదు స్కూలు పనిదినాల్లోపు పుస్తకాన్ని తీసేసి, ఆ తర్వాతే విచారణ జరపాలి. ఐలండ్ ట్రీస్‌లో తప్పనిపించిన వరస ఇక్కడ చట్టమై కూర్చుంది. 2025 ఆగస్టులో ఒక ఫెడరల్ జడ్జి ఆ చట్టంలో కొంత భాగం చెల్లదన్నారు. పుస్తకాన్ని మొత్తంగా చూడటం అన్నదే అందులో లేదన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది మాత్రం అయోవా రాష్ట్రం మేసన్ సిటీ సంగతి. అక్కడ 2023లో వచ్చిన చట్టం ప్రకారం, మతగ్రంథాలు తప్ప, లైంగిక చర్య వర్ణన ఉన్న పుస్తకం ఏదీ బడి లైబ్రరీలో ఉండకూడదు. మొత్తం పుస్తకంతో పని లేదు, ఒక్క వర్ణన చాలు. ఇన్ని పుస్తకాలు చదివే టైము లేక మేసన్ సిటీ స్కూల్ అధికారులు అదే ఏడాది చాట్‌జీపీటీని అడిగారు, ఈ పుస్తకంలో అలాంటి వర్ణన ఉందా అని. దాని జవాబుల సాయంతో 19 పుస్తకాలు తీసేశారు. మనలో సగం మంది సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాం. అది ఎంత ధీమాగా తప్పు చెబుతుందో మనకు ఒకరు చెప్పాలా? రాసినవాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని రాస్తే, తీసేసినవాళ్లు పేజీ కూడా తిప్పలేదు.

ఇదంతా ఒక పార్టీ వాళ్ల పనేనని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. చట్టాలు తెస్తున్నది ఎక్కువగా రిపబ్లికన్ ప్రభుత్వాలే, అది దాచాల్సిన విషయం కాదు. కానీ 2020లో కాలిఫోర్నియాలోని బర్బ్యాంక్‌లో, జాతిని కించపరిచే మాటలున్నాయని కొందరు నల్లజాతి తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే, ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’తో సహా అయిదు నవలలను తప్పనిసరి పాఠాల జాబితాలోంచి తీసేశారు. క్లాసులో ఆ మాట చదివినప్పుడల్లా తోటి పిల్లలు వెనక్కి తిరిగి తన బిడ్డ వైపే చూస్తుంటే ఏ తల్లి ఓర్చుకుంటుంది? ఆ నొప్పిని నేను కొట్టిపారెయ్యను. అయినా ఆ నవలలు క్లాసులోనే, ఒక మంచి టీచర్ పక్కనుండగా చదవాల్సినవని నా అభిప్రాయం.

మా కమిటీ దగ్గరకు ఫిర్యాదు తెచ్చిన తల్లితో ఒక సాయంత్రం పార్కింగ్ లాట్‌లో మాట్లాడాను. టీవీలో చూపించే కోపిష్టి మనిషిలా లేదావిడ. కారు తాళాలు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. “మీ అమ్మాయి ఇది చదివితే మీకు ఫరవాలేదా?” అని అడిగింది. “ఇప్పుడు పదిహేనేళ్లు, ఫరవాలేదు. పన్నెండేళ్లప్పుడైతే ఇచ్చేదాన్ని కాదు” అన్నాను. “మరి ఆ వయసు ఎవరు చూస్తారు?” అంది. మంచి ప్రశ్న. మా డిస్ట్రిక్ట్‌లో మిడిల్ స్కూల్ లైబ్రరీ వేరు, హైస్కూల్ లైబ్రరీ వేరు. ఫలానా పుస్తకం మా బిడ్డకు ఇవ్వవద్దని రాసిస్తే ఆ విద్యార్థి అకౌంట్‌లో దాన్ని ఆపేస్తారు. ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ ఫిర్యాదు వచ్చేదే కాదేమో.

2025 జూన్‌లో సుప్రీంకోర్టు 6-3తో ఇచ్చిన మహమూద్ వర్సెస్ టేలర్ తీర్పు కూడా తల్లిదండ్రుల హక్కు గురించే. మేరీలాండ్‌లో చిన్న క్లాసుల్లో చదివించే కొన్ని కథల పుస్తకాలు తమ మతవిశ్వాసాలకు విరుద్ధమని, ఆ పాఠం అప్పుడు తమ పిల్లలను బయటికి పంపమని ముస్లిం, క్రైస్తవ తల్లిదండ్రులు అడిగారు. కోర్టు వాళ్ల పక్షాన నిలిచింది. ఈ తీర్పు మీద నాకు కొన్ని భయాలున్నా, వాళ్లు అడిగిన దాంట్లో ఒక న్యాయం కనిపిస్తుంది. నా బిడ్డకు వద్దు అన్నారు. పక్కింటి బిడ్డకు కూడా వద్దు అనలేదు. మన ఇంట్లో పిల్లలకు ఏం పెట్టాలో మనం చూసుకుంటాం, ఊరందరి వంటింట్లోకీ వెళ్లి గిన్నెలు బోర్లించం కదా!

అసలు ‘నిషేధం’ అన్న మాటే తప్పనేవాళ్లున్నారు. రచయితల స్వేచ్ఛ కోసం పనిచేసే పెన్ అమెరికా సంస్థ 2023-24 విద్యా సంవత్సరంలో దేశవ్యాప్తంగా బడుల్లో పది వేలకు పైగా నిషేధాలు లెక్కగట్టింది. విచారణ కోసం కొన్నాళ్లు పక్కన పెట్టినవి కూడా అందులో కలిపారని విమర్శ. కొనుక్కోవాలంటే షాపులో దొరుకుతుంది కదా, నిషేధం ఎలా అవుతుంది అంటారు. ఇక్కడే టెక్సస్‌లో, ల్యానో కౌంటీ పబ్లిక్ లైబ్రరీ 17 పుస్తకాలు తీసేస్తే వేసిన కేసులో ఫిఫ్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టు 2025 మేలో అలాంటి మాటే అంది. ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు, స్నేహితుల దగ్గర తెచ్చుకోవచ్చు అని. ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు. మన పిల్లలు అమెజాన్‌లో ఒక్క క్లిక్‌తో తెప్పించుకుంటారు, నిజమే. ఆ పుస్తకంలోని అమ్మాయిలాంటి పిల్ల ఏ కార్డుతో కొనుక్కుంటుంది? కొనుక్కుంటే పార్సిల్ ఎవరి ఇంటికి వస్తుంది? ఆ ఇంటికే కదా.

మా కమిటీలో ఆరుగురం హైస్కూల్‌లో ఉంచమన్నాం, ఇద్దరు వద్దన్నారు. బోర్డు ఒప్పుకుంది. రెండు నెలల తర్వాత లైబ్రరీకి వెళ్లి చూస్తే ఆ పుస్తకం లేదు. ఇంకా కేటలాగ్‌లోకి ఎక్కలేదన్నారు. మళ్లీ వెళ్లాను, అదే జవాబు. లైబ్రేరియన్ నా కళ్లలోకి చూడకుండా, “మళ్లీ ఎవరైనా ఫోటో తీసి ఆన్‌లైన్‌లో పెడితే నా పేరు బయటికొస్తుంది” అంది. ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషి. కొత్త పుస్తకాల ఆర్డర్ రాసేటప్పుడు గొడవ రాగలిగినవి తనే వదిలేస్తున్నానని కూడా ఒప్పుకుంది. ఇవి ఏ లెక్కలోకీ ఎక్కవు. చాప కింద నీరులా సాగిపోతుంది. 2025 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన టెక్సస్ చట్టం ప్రకారం, కొత్తగా కొనే ప్రతి లైబ్రరీ పుస్తకానికీ బోర్డు ఆమోదం కావాలి. ఆ జాబితాను 30 రోజుల ముందు అందరికీ కనిపించేలా పెట్టాలి. చట్టం మీద నాకు కోపం ఉంది. కానీ ఆ జాబితా మనకూ కనిపిస్తుంది.

ఈ నెల జాబితా ప్రింట్లు తలుపు దగ్గర టేబుల్ మీద పెట్టాను. అందులో కిందటి మీటింగ్‌లో అభ్యంతరం వచ్చిన మూడు పుస్తకాలు తలా రెండు కాపీలు కొని తెచ్చాను. తీసుకెళ్లండి, చదవండి. చదివాక అది హైస్కూల్‌కు తగదనిపిస్తే అలాగే చెప్పండి, నేను మీ పక్కనే కూర్చుంటాను. బోర్డు మీటింగ్ వచ్చే నెల రెండో సోమవారం సాయంత్రం ఆరున్నరకి. మాట్లాడాలంటే ఆ రోజు మధ్యాహ్నంలోపు ఆన్‌లైన్‌లో పేరు ఇవ్వాలి. మా దగ్గర సిటిజన్‌షిప్ అడగరు. ఒక్కొక్కరికి ఇచ్చేది రెండు నిమిషాలే. ఏం మాట్లాడాలో రాసుకుని వస్తే మంచిది. కారులో చోటు కావాల్సినవాళ్లు నాకు చెప్పండి.