గట్టు మరమ్మతు వేరు, ఎత్తు పెంచడం వేరు

సభలోని పెద్దలకీ, ముందు వరుసలో కూర్చున్న ఇంటర్ పిల్లలకీ నమస్కారం. నేను ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఒక దేశం తన అణ్వాయుధాలు పాతబడితే కొత్తవి చేసుకోవాలా అన్నదాని మీద మాట్లాడమన్నారు. ఊడ్పుల రోజుల్లో ఈ గొడవ ఎవరికి కావాలండీ అన్నాను. తీరా చూస్తే హాలు నిండింది.

బాంబుకి వయసేమిటి అనుకోవచ్చు. ఉంటుందండి. లోపలి ప్లుటోనియం సగం కావడానికి 24 వేల ఏళ్లు పడుతుంది. కానీ పేలుడు బలం పెంచడానికి వాడే ట్రిటియం పన్నెండేళ్లకే సగమైపోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోసుకున్నట్టు దాన్ని మళ్లీ మళ్లీ నింపుకోవాలి. ఇక బాంబుల్ని మోసే జలాంతర్గామి ఉప్పునీళ్లలో తిరిగే ఉక్కు. అది ఎన్నాళ్లుంటుందో మన పడవల వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

బ్రిటన్‌కి వచ్చిన చిక్కు ఇదే. ట్రైడెంట్ క్షిపణులు మోసే నాలుగు జలాంతర్గాములు 1990లలో చేరినవి, స్కాట్లాండ్‌లోని ఫాస్లేన్ వాటి రేవు. వాటి స్థానంలో కొత్తవి కట్టాలా వద్దా అని 2016 జూలై 18న పార్లమెంటులో ఓటింగ్ పెట్టారు. కట్టాలని 472, వద్దని 117. అంచనా 3,100 కోట్ల పౌండ్లు, చాలకపోతే మరో వెయ్యి కోట్లు. లక్షమంది అమాయకులు చచ్చిపోయే దాడికి మీరు ఆదేశమిస్తారా అని ఆ రోజు ఒక సభ్యుడు ప్రధాని థెరెసా మేని అడిగారు. ఇస్తానన్నారు. లక్షమంది అంటే సుమారుగా రెండు అమలాపురాలండి.

అక్కడ ఇంకో పద్ధతుంది. కొత్త ప్రధాని రాగానే తన చేత్తో నాలుగు ఉత్తరాలు రాయాలి, ఒక్కో జలాంతర్గామికి ఒకటి. దేశమే మిగలకపోతే ఏం చేయాలో అందులో ఉంటుంది. ప్రధాని దిగిపోగానే వాటిని చదవకుండానే నాశనం చేస్తారు. ఎదురుదాడి చేయొద్దని రాసినవాళ్లూ ఉండొచ్చు, మనకి తెలియదు. ఇన్ని కోట్లు పోసి కట్టిన భయం ఎవరూ చదవని కాగితం మీద నిలబడిందన్నమాట.

కొత్తవి కావాలనేవాళ్ల వాదనని నేను తేలిగ్గా తీసేయను. వరద రాలేదని ఏటిగట్టుని వదిలేస్తామా? 1986 ఆగస్టు గోదారి వరద చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. అయితే గోదారి పక్కన బతికే మనకి ఇంకో సంగతీ తెలుసు. ఇవతల గట్టు ఎత్తు చేస్తే నీరు అవతల గట్టు మీదికి పోతుంది. అవతలివాళ్లు ఊరుకోరు, వాళ్లూ మట్టి పోస్తారు. మధ్యలో లంకల వాళ్లకి ఏ గట్టూ లేదు. అణ్వాయుధాలు లేని దేశాలన్నీ లంకల్లాంటివే.

అందుకే నేను మరమ్మతుకి అడ్డుచెప్పను, ఎత్తు పెంచడానికే అడ్డు. బ్రిటన్ తన వార్‌హెడ్లని, అంటే క్షిపణి కొనన ఉండే అణుబాంబుల్ని, 180కి తగ్గిస్తానని 2010లో చెప్పింది. 2021కి వచ్చేసరికి పరిమితిని 260కి పెంచింది. 2016లో జనానికి చెప్పింది మరమ్మతు, ఐదేళ్లలో పడింది కొత్త మట్టి.

ఇందాక టీ దగ్గర ఒక రైసుమిల్లు పెద్దాయన ఉక్రెయిన్ సంగతేమిటండీ అన్నారు. గట్టి ప్రశ్నే. మీ మీద దాడి చేయం అన్న హామీలు నమ్మి, సోవియట్ యూనియన్ పోయాక తన నేల మీద మిగిలిన బాంబుల్ని వదులుకుంటానని 1994లో ఒప్పుకుంది, తర్వాత యుద్ధం దాని మీదికే వచ్చింది. కానీ వాటిని పేల్చే తాళం ఎప్పుడూ మాస్కో చేతిలోనే ఉండేది. దక్షిణాఫ్రికాది వేరే దారి. తను చేసుకున్న ఆరింటినీ తనే విప్పేసి, 1993లో ఆ సంగతి బయటపెట్టింది.

ఇక మన ఇంటి విషయం. అణ్వాయుధాల్ని మనం ముందుగా వాడం అని మన దేశం 2003లో ప్రకటించింది. అది నాకు నచ్చిన మాట. అణు క్షిపణులు మోసే మన అరిహంత్ జలాంతర్గామిని కట్టింది ఇక్కడే, పైన విశాఖలో. ఇప్పుడది కొత్తది. దానికీ వయసొస్తుంది, మార్చాలా అన్న ఫైలు ఢిల్లీలో ఎవరో తెరుస్తారు. అప్పటికి నేనుండను, ముందు వరుస పిల్లలుంటారు. ఎర్ర చొక్కా అబ్బాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉన్నాడు, మైకు అటివ్వండి.