తొమ్మిది ఒకట్ల వర్గం

అందరికీ నమస్కారం. బోర్డు మీద రాసిన సంఖ్య చూడండి: 12345678987654321. ఎటు నుంచి చదివినా ఒకటే, ఇలాంటివాటిని పాలిండ్రోమ్ సంఖ్యలు అంటారు. మొత్తం 17 అంకెలు, మన లెక్కలో 12,345 లక్షల కోట్ల పైమాటే. ఎవరో సరదాకి అంకెలు పేర్చినట్టుంది గానీ, ఇది 111111111 వర్గం.

క్యాలిక్యులేటర్ పక్కన పెట్టి, దయచేసి కాగితం మీద చేయండి. బళ్లో నేర్పినట్టే గుణిస్తే తొమ్మిది వరుసలు వస్తాయి, ప్రతి వరుసలోనూ తొమ్మిది ఒకట్లే, ఒక్కో వరుస ఒక్కో స్థానం ఎడమకి జరుగుతుంది. ఇప్పుడు నిలువుగా కూడండి. కుడి చివర ఒకటి, దాని పక్కన రెండు, తర్వాత మూడు, అలా నడిమికి వచ్చేసరికి తొమ్మిది వరుసల నుంచీ ఒక్కో ఒకటి పడుతుంది, అక్కడి నుంచి ఎడమకి ఒక్కొక్కటే తగ్గుతూ పోతుంది. ఎక్కడా మొత్తం తొమ్మిది దాటదు, చేతిలో ఉంచుకోవాల్సింది ఏమీ లేదు. ఈ సంఖ్య అందమంతా అక్కడే ఉందని నా నమ్మకం. ఎందుకంటే పది ఒకట్లతో చేస్తే నడుమ పది వస్తుంది, సున్న వేసి ఒకటి ఎడమకి పంపాలి, అక్కడున్న తొమ్మిది కూడా పదై ఇంకో సున్న పడుతుంది, దాని ఒకటి వెళ్లి ఎనిమిదిని తొమ్మిది చేస్తుంది. వచ్చేది 1234567900987654321. తిప్పి చదివితే కుదరదు.

అంకెలన్నీ కూడితే 81. ఆ 81తోనే ఈ సంఖ్యని గుణిస్తే 999999999 వర్గం వస్తుంది, భాగిస్తే శేషం లేకుండా 12345679 వర్గం వస్తుంది, ఈ 12345679లో ఎనిమిది లేదు గమనించండి. కారణాంకాలు కూడా చేత్తోనే తీయొచ్చు: 111111111 అంటే 111ని 1001001తో గుణించినట్టు, 111 అంటే 3 × 37, 1001001 అంటే 3 × 333667. చివరిది పెద్దదే అయినా ప్రధాన సంఖ్యే.

ఇలాంటి సంఖ్యల మీద ఇష్టం కొత్తదేం కాదు. 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చింది ఆ గ్రంథాన్నే, మనవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఇంకా చాలామంది ఉండాలి. అందులో మెడలో వేసుకునే హారాల్లాంటి లబ్ధాలు వచ్చే గుణకారాలున్నాయి. ఒకచోట మహావీరాచార్యుడు 27994681ని 441తో గుణించమంటాడు, జవాబు 12345654321, ఒకటితో మొదలై ఆరు దాకా పెరిగి మళ్లీ అదే వరసలో తగ్గేది. లెక్క చూస్తే ఒకట్ల వరస ఎక్కడా కనిపించదు. కానీ 441 అంటే 21 వర్గం, 27994681 అంటే 5291 వర్గం. ఆ 21నీ 5291నీ గుణించి చూడండి, సరిగ్గా ఆరు ఒకట్లు వస్తాయి.